రెలిగియో

క్రీస్తుకు పూర్వము 176వ సంవత్సరమున, మే నెల 5వ నాడు, రోము నగరమునకు ఆగ్నేయముననున్న ఆల్బన్ కొండమీద లాటిన్ జాతుల ఉమ్మడి పండుగ జరిగెను. ఏటేట ఆ కొండపై యూపిటెర్ దేవునకు బలులిచ్చి, ఆ మాంసమును లాటిన్ పట్టణములవారందఱు పంచుకొనుట అనాదిగా వచ్చుచున్న ఆచారము. ఆ యేడు లానూవియుమ్ అను చిన్న పట్టణపు అధికారి, ఒక్క పశువును బలియిచ్చు సమయమున, రోమను ప్రజల క్షేమమును కోరి పలుకవలసిన మాటలను పలుకక విడిచెను. సంగతి సెనేటు సభకు పోయెను. సభవారు దానిని అర్చకసంఘమునకు నివేదించిరి. పండుగ సక్రమముగా జరుగలేదు గనుక మొదటినుండి మరల జరుపవలెననియు, బలిపశువులను లానూవియుమ్ వారే సమకూర్పవలెననియు అర్చకులు తీర్పు చెప్పిరి. ఇంతలో, కొండనుండి తిరిగివచ్చుచున్న కాన్సలు, అనగా రోము ప్రధానాధికారి, కొన్ని అవయవములు చచ్చుబడి పడిపోయి, పిదప కూమే పట్టణమున మరణించుటతో జనుల భయము ఇనుమడించెను. ఈ వృత్తాంతమును చెప్పిన చరిత్రకారుడు లివీ. ఆ ప్రార్థనాలోపమువలన కలిగినదేమో తెలుపుటకు ఆయన వాడినది రెండే పదముల పలుకుబడి: రెలిగియోనీ ఫుయిత్.

ఈ రెండు పదములను తెలుగు చేయబూనినవానికి నిఘంటువు చేయు సాయము మిక్కిలి స్వల్పము. నేటి యూరపు భాషలలో అనేకములు మతమును చెప్పుటకు వాడుకొనుచున్న మాట ఈ రెలిగియో నుండియే పుట్టినది గనుక, నిఘంటువు తెఱచినవానికి మొట్టమొదట కనబడునది ఆ యర్థమే. కాని, 'ఆ లోపము మతమైనది' అని వ్రాసినచో వాక్యము నిలువదు. మతమన్నది రోమనులకు తరతరములనుండి యుండనే యుండెను; ఆ దినమున వారికి క్రొత్తగా కలిగినది ఒక శంక, ఒక సంకోచము, గుండెలో ముల్లువలె గ్రుచ్చుకొన్న అపరాధభయము. చేయవలసినది చేయవలసిన తీరున చేసితిమా యను ప్రశ్న వారిని నిద్రపోనీయలేదు. అట్టి భయమునకు పేరైన పదము, నేడు జనాభా లెక్కల కాగితముమీద ఒక గడిని నింపు మాటగా ఎట్లు మారెనో తెలిసికొనుట కేవలము పండితుల వినోదము కాదని నా నమ్మకము. దైవము నెదుట మనుజుడు ఎట్లు నిలువవలెనను ప్రశ్నకు రెండు వేర్వేరు సమాధానములు ఈ యొక్క పదముయొక్క వ్యాకరణములో ఇమిడియున్నవి.

రెలిగియో స్త్రీలింగము. లాటిన్ వైయాకరణులు నామవాచకములను ఐదు వర్గములుగా విభజింపగా ఇది మూడవదానిలో చేరినది. ప్రథమైకవచనము రెలిగియో, ద్వితీయ రెలిగియోనెమ్, చతుర్థి రెలిగియోనీ, షష్ఠి రెలిగియోనిస్, బహువచనమున రెలిగియోనేస్. ప్రథమయందు దాగియున్న నకారము తక్కిన విభక్తులలో బయటపడుట సంస్కృతము చదివినవారికి వింత గొలుపదు: ఆత్మన్ శబ్దము ప్రథమైకవచనమున నకారమును పోగొట్టుకొని ఆత్మా యగుటయు, షష్ఠియందు ఆత్మనః అని దానిని మరల తెచ్చుకొనుటయు ఇట్టిదే. లివీ వాక్యములోనున్నది చతుర్థి. ఒకటి మరియొకటిగా పరిణమించుటను చతుర్థితో చెప్పు సంప్రదాయము లాటిన్‌లో కలదు. భక్తి జ్ఞానముగా పరిణమించుననుటకు జ్ఞానశబ్దమును చతుర్థియందుంచు సంస్కృత వైయాకరణుల ఉదాహరణము మన పండితులు చిన్ననాడే వల్లించినది. ఆ ప్రార్థనాలోపము రెలిగియోగా పరిణమించెనని భావము. జరిగిన పొరపాటు ఎదిగి, మనస్సును పట్టుకొను వస్తువైనది.

మఱియొక సంగతి గమనింపదగినది. రిపబ్లికు కాలపు రచయితలు ఈ పదమును ఏ క్రియలతో కూర్చి వాడిరో చూచినచో, రెలిగియో అనేక పర్యాయములు కర్తగా కనబడును. అది మనస్సులను ఆవేశించును, పట్టుకొనును. ఒకడు మరియొకని మనస్సులో దానిని నాటవచ్చును. అర్చకుడు ప్రాయశ్చిత్తముచే దానిని తొలగింపవచ్చును. 'ఇది చేయుట నాకు రెలిగియో' అని రోమనుడన్నచో, అది చేయుటకు నా అంతరాత్మ ఒప్పదని అర్థము. బహువచనమున రెలిగియోనేస్ అన్నచో ఇట్టి శంకలు, నియమములు, నిషేధములు, ఆరాధనలు. గాల్ జాతులచేతిలో అల్లియా నదియొద్ద రోమను సేన ఓడిన జూలై 18వ తేది రెలిగియోగల దినము. మన యిండ్లలో అమావాస్యనాడు శుభకార్యము తలపెట్టనట్లే, ఆ నాడు రోమనులు క్రొత్త పనికి పూనుకొనరు. శవమును పాతిపెట్టిన చోటు రెలిగియోగల స్థలమని రెండవ శతాబ్దపు న్యాయవేత్త గాయుస్ తన పాఠ్యగ్రంథమున వ్రాసెను. దినముగాని, నేలగాని, మాటగాని, అడుగు వేయబోవువానిని ఒక్క క్షణమాపి ఆలోచింపజేయు శక్తి దేనియందున్నదో దానియందెల్ల రెలిగియో కలదు.

ఈ పదము ఏ ధాతువునుండి పుట్టినది? ఇక్కడనే వివాదము మొదలగును. క్రీ. పూ. 45వ సంవత్సరమున దేవతల స్వభావమును గూర్చి సంభాషణరూపమున గ్రంథమును రచించిన సిసిరో, దేవతారాధనకు సంబంధించిన సమస్తమును శ్రద్ధతో మరల మరల పరిశీలించువారికి, రెలెగెరె అను క్రియనుబట్టి, ఆ పేరు వచ్చినదని ఒక పాత్రచే చెప్పించెను. రె అనగా మరల. లెగెరె అనగా ఏరుట. చదువుట యను అర్థము లెగెరెకు తరువాత వచ్చినది. కంటితో అక్షరములను ఏరుకొనుటయే గదా చదువు! ఈ లెగెరెకు బంధువులు పెక్కురు. వేరుగా ఏరి ప్రేమించుట దిలిగెరె. విషయముల నడుమనుండి ఏరి గ్రహించుట ఇంతెల్లెగెరె. ఏరక, లెక్కచేయక వదలుట నెగ్లెగెరె. రెలిగియోకు నిజమైన శత్రువు నాస్తికత్వము కాదు, అశ్రద్ధయని ఈ కుటుంబవృక్షమే చెప్పుచున్నది.

మరల ఏరుట యనినంతనే నాకు మా నాయనమ్మ జ్ఞప్తికి వచ్చును. పండుగకు ముందునాటి రాత్రి, వంటయింటి గడపయొద్ద కిరసనాయిలు దీపము పెట్టుకొని, నైవేద్యమునకు బియ్యము చేటలో పోసి, రాళ్లును మట్టిబెడ్డలును ఏరి, గిన్నెలోనికెత్తి మూత పెట్టెడిది. తెల్లవాఱి స్నానము చేసివచ్చి, తడిచీర కొంగు బిగించుకొని, ఆ బియ్యమునే మరల చేటలో పోసికొని, చూపుడువ్రేలితో గింజగింజను పక్కకు నెట్టుచు కూర్చుండెడిది. ఆకలిగొన్న బాలుడనగుటచే నేనొకసారి, 'నిన్ననే ఏరావు గదా' అని విసుగుకొంటిని. ఆమె తలయెత్తకయే, 'నిన్న దీపపు వెలుతుర్లో ఏరాను నాయనా, ఇప్పుడు ఎండొచ్చింది' అన్నది. లాటిన్ ఎఱుగని యా తల్లి ఆనాడు చేసినది రెలెగెరె గాక మఱేమి!

రోమను అర్చకుల పద్ధతియు ఇట్టిదే. ముఖ్యమైన ప్రార్థనలయందు ఒకడు గ్రంథము చూచి మంత్రమును ముందుగా పలికి అందించుననియు, తప్పు పోకుండ చూచుటకు మరియొకడు కావలి యుండుననియు, జనులను నిశ్శబ్దముగా నుంచుటకు ఇంకొకడు నియుక్తుడగుననియు, అన్య శబ్దమేదియు చెవిని పడకుండ పిల్లనగ్రోవి ఊదుదురనియు జ్యేష్ఠ ప్లినీ వ్రాసియున్నాడు. మన ఘనపాఠులు పదమును ముందునుండి వెనుకకు, వెనుకనుండి ముందునకు త్రిప్పి త్రిప్పి వల్లించి వేదమును అక్షరలోపము లేక నిలిపిన తీరు తెలిసినవారికి ఈ జాగరూకత పరిహాసాస్పదముగా తోచదు.

అయితే శ్రద్ధకు హద్దేది? సిసిరో కాలమువాడే యైన నిగిడియుస్ ఫిగులుస్ అను వైయాకరణుడు, ఓసుస్ అను ప్రత్యయముతో ముగియు విశేషణములు మితిమీరుటను తెలుపునని సూత్రించెనట. వీనుమ్ అనగా మద్యము, వీనోసుస్ అనగా తాగుబోతు. అట్లే రెలిగియోసుస్ అనగా శంకలు మితిమీరినవాడు. ఈ సంగతిని రెండవ శతాబ్దపు రచయిత ఔలుస్ గెల్లియుస్ చెప్పి, ఆ పదమునకు మంచి యర్థమును కలదని వాదించెను. మన భాషలో చాదస్తము అను మాట కథయు ఇదియే. ఛందస్సును, అనగా వేదమును, వల్లించువాడు ఛాందసుడు. గౌరవనామమైన ఆ మాట జనుల నోట నలిగి, పట్టినది విడువని మొండివానికి పేరైనది. శ్రద్ధను గౌరవించి, అది ముదిరినపుడు విసుగుకొనుట రెండు జాతులవారికిని సహజమే.

సిసిరో చెప్పిన వ్యుత్పత్తిని మొదట గట్టిగా కాదన్నవాడు లాక్టాన్షియస్. నాలుగవ శతాబ్దారంభమున కాన్‌స్టంటైన్ చక్రవర్తి కుమారునకు గురువైన ఈ క్రైస్తవ పండితుడు, రెలిగియో రెలెగెరె నుండి కాక రెలిగారె నుండి వచ్చినదనెను. లిగారె అనగా కట్టుట. భగవంతుడు మనుజుని భక్తియను బంధముచే తనకు కట్టుకొన్నాడు గనుక అది రెలిగియో. తన పక్షమునకు సాక్షిగా ఆయన పిలిచినది, విచిత్రముగా, దేవతాభయమును నిర్మూలింపబూనిన లుక్రీషియస్ కవిని. రెలిగియోల ముడులనుండి మనస్సును విప్పుటయే తన పనియని ఆ కవి చెప్పుకొన్నాడు గదా, ముడి యన్నపుడు కట్టు ఉండవలదా యని ఆయన యుక్తి. ఇక్కడ ఛందస్సు తెలిసినవారికొక చిన్న ముచ్చట. రె-లి-గి-యో యనునపుడు వరుసగా మూడు లఘువులు, ఒక గురువు. లుక్రీషియస్ వ్రాసిన షట్పాద వృత్తమున గురువును రెండు లఘువులును గల గణము, లేదా రెండు గురువుల గణము తప్ప వేఱు చెల్లదు. మూడు లఘువులు వరుసగా వచ్చినచో పద్యము చెడును. అందుచే కవులు లకారమును ద్విత్వము చేసి రెల్లిగియో యనిరి. మొదట అచ్చముగా మన భగణము, పిదప గురువు. ఏ పదమును ఖండింప దలచెనో, ఆ పదమును తన పద్యములో ఇమిడించుకొనుటకు లుక్రీషియస్ దానికొక అక్షరము బరువు పెంచవలసివచ్చినది.

ఏరుటయా, కట్టుటయా? ఇవర్ణమునుబట్టి తేల్చుటకు వీలులేదు. లెగెరెలోని ఎకారము సమాసమున ఇకారమగుట కొల్లిగెరె, ఎలిగెరె మొదలగువానియందు కనబడుచునే యున్నది. ప్రత్యయమునుబట్టి చూడవలెను. లిగారె వంటి ఆకారాంత క్రియలనుండి భావార్థక నామము సాధారణముగా ఆతియో చేరి ఏర్పడును. ఓబ్లిగారె నుండి ఓబ్లిగాతియో వచ్చినది గాని ఓబ్లిగియో రాలేదు. లెగెరె వంటి క్రియల ధాతువునకు మాత్రము ఇయో నేరుగా చేరవచ్చును: సైన్యమునకు ఏరబడినవారి దళము లెగియో. ఈ లెక్కన రెలిగారెకు పుట్టవలసిన బిడ్డ రెలిగాతియో. ఆ బిడ్డ నిజముగా పుట్టినది. సిసిరో క్రీ. పూ. 44లో వార్ధక్యమును గూర్చి వ్రాసిన గ్రంథమున పాత్రయైన వృద్ధుడు కాటో వ్యవసాయసుఖములను వర్ణించుచు, ద్రాక్షతీగలను పందిరికి కట్టుటను రెలిగాతియో యన్నాడు. కట్టుటకు వేఱొక మాట ద్రాక్షతోటలో ఉండనే యున్నపుడు, దేవాలయములోని మాటను దానితో ముడిపెట్టుట కష్టము. ఐనను ఓపీనారీ నుండి ఓపీనియో వచ్చిన అపవాదములును లేకపోలేదు గనుక, వ్యాకరణము సిసిరోవైపు మొగ్గినదనుటయే న్యాయము. తలుపు పూర్తిగా మూసినదనరాదు.

వ్యాకరణము సిసిరోవైపు మొగ్గినంతమాత్రాన లాక్టాన్షియస్ ఓడినట్లు కాదు. ఆయన వేసిన ప్రశ్న పదవ్యుత్పత్తికి మించినది. తమ బిడ్డలు తమకంటె ఎక్కువకాలము బ్రతుకవలెనని దినమెల్ల ప్రార్థించువారు మూఢులనియు, మరల మరల పరిశీలించువారు భక్తులనియు సిసిరో విభజించెను. లాక్టాన్షియస్ అడిగినదేమనగా: బిడ్డలకొఱకు ఒకమాఱు ప్రార్థించుట మంచిదైనపుడు, పదిమాఱులు ప్రార్థించుట చెడ్డదెట్లగును? తేడా ఎన్నిమాఱులు, ఎంత జాగ్రత్తగా అనుదానిలో లేదు, ఎవరిని అనుదానిలో కలదు. పూజ్యుడు అసత్యమైనచో, పూజలోని శ్రద్ధ యంతయు వ్యర్థము. ఈ వాదము నన్ను చాలకాలము కలవరపెట్టినది. ఇప్పటికిని దాని బలమును నేను తక్కువచేయను. కాని చేటముందు కూర్చున్న మా నాయనమ్మను తలచికొన్నపుడు, ఆ శ్రద్ధకు విలువ పూజింపబడు దేవుని పేరునుబట్టి మాత్రమే నిర్ణయమగునని ఒప్పుకొనుటకు నా మనస్సు ఇష్టపడదు. తన చేతిపనిని తానే నమ్మక మరల చూచుకొనుటలో ఒక వినయము కలదు. తనకంటె గొప్పదైన ఒకదాని సమక్షమున నున్నానను ఎఱుక లేనివానికి ఆ వినయము అబ్బదు. కట్టుబడుట ఆ వినయమునకు ఫలము కావచ్చును. అయితే ముందుగా పుట్టినది చూపు, తరువాత బంధము అని నేననుకొందును; పదచరిత్రయు ఆ క్రమమునే చూపుచున్నది.

లాక్టాన్షియస్ తరువాతివాడైన క్రైస్తవ పండితుడు అగస్టీను ఏరుట, కట్టుట యను ఈ రెండర్థముల నడుమ ఊగిసలాడెను. దైవపురమను మహాగ్రంథమున ఆయన, పోగొట్టుకొన్న దేవుని మరల ఎన్నుకొనుట యని లెగెరె కుటుంబమునకే చెందిన అర్థము చెప్పెను. జీవితాంతమున తన రచనలను తానే పునఃపరిశీలించుకొనుచు కట్టుట యను అర్థమే తనకు ఎక్కువ నచ్చినదనెను. రచనలన్నిటిని మరల తిరుగవేయుట రెలెగెరె గదా! పదుమూడవ శతాబ్దమున క్రైస్తవ వేదాంతి థామస్ అక్వినాస్ మరల పరిశీలించుట, మరల ఎన్నుకొనుట, కట్టుట యను ఈ మూడు వ్యుత్పత్తులను వరుసగా చెప్పి, దేనిని త్రోసివేయక, ఏదైనను అది మనుజుని దేవునివైపు త్రిప్పునదేయని ముగించి, రెలిగియోను ఒక సద్గుణముగా, న్యాయమునకు సంబంధించినదానిగా గణించెను. మధ్యయుగమున రెలిగియో యనగా తఱచుగా సన్న్యాసిసంఘ జీవితము. రెలిగియోసుస్ అనగా మఠవాసి.

ఈలోగా, అగస్టీనుకంటె ముందునుండియే, ఈ పదముతో కూర్చు క్రియలు మాఱసాగినవి. 313వ సంవత్సరపు మిలాను నిర్ణయమున, ఎవడు కోరిన రెలిగియోను వాడు అనుసరింపవచ్చునని చక్రవర్తులు అనుమతించిరి. మహోపకారమైన అనుజ్ఞ అది. హింసింపబడుచున్నవారికి ఊపిరి పోసినది. కాని పదము సంగతి చూడుడు: ఒకనాడు మనుజుని పట్టుకొనిన కర్త, ఇప్పుడు మనుజుడు ఎన్నుకొని అనుసరించు కర్మ. పిమ్మట సత్యమైన రెలిగియో, అసత్యమైన రెలిగియో యను విశేషణములు దానికి అంటుకొన్నవి. క్రైస్తవ సంస్కర్తలైన జ్వింగ్లీ 1525లో, కాల్విన్ 1536లో తమ గ్రంథనామములలోనే ఈ పదము నుంచిరి. 1555 నాటి ఆగ్స్‌బర్గు సంధి రాజుయొక్క రెలిగియోయే రాజ్యముయొక్క రెలిగియో యని నిశ్చయించినపుడు, అది సరిహద్దులుగల వస్తువైనది. పటముమీద రంగు వేయదగినదైనది.

తెలుగులో దీనికి స్థిరపడిన మాట మతము. మన్ ధాతువునకు క్తప్రత్యయము చేరి ఏర్పడిన కృదంతము. తలపబడినది, అనగా అభిప్రాయము. పాణిని మతము, శంకరుల మతము అన్నపుడు ఆ యర్థమే. సమ్మతము, అభిమతము అను మాటలలో నేటికిని అదియే నిలిచియున్నది. ఇది తెలియుటచే కాబోలు, మన బైబిలు అనువాదకులు ఒక మెలకువ చూపిరి. అపొస్తలుల కార్యములలో పౌలు తన జాతి సంప్రదాయమును చెప్పుచోట మతము అనిరి. అనాథలను, విధవరాండ్రను పరామర్శించుటయే నిష్కళంకమని యాకోబు వ్రాసినచోట అదే గ్రీకు పదమునకు భక్తి యనిరి. ఈ రెండు చోట్లను లాటిన్ బైబిలులోనున్నది రెలిగియోయే. ఒక్క పదమునకు రెండు మాటలు వాడుట అనువాదదోషమని కొందఱందురు. నాకది చేటలోని బియ్యము రెండవమాఱు ఏరుటగా తోచును.

ఇక లివీ వాక్యమునకు వత్తును. మతము కుదురలేదు, భక్తి కుదురదు, లానూవియుమ్ పొరపాటునకు భక్తియని పేరుపెట్టుట ఎట్లు? శంక యన్నచో దానిలోని పూజ్యభావము జాఱిపోవును. చాలదినములు ఇటునటు తిరిగిన పిదప, ఒకనాడు పెండ్లిమాటలు మాటలాడుకొనుచున్న ఇద్దఱు పెద్దల నోట ఆ మాట వింటిని: 'వాళ్లకి పట్టింపు ఎక్కువండీ.' పట్టు అన్నది పట్టుకొనుట, బిగించుట. అక్కడ లాక్టాన్షియస్ కట్టు ఉన్నది. పట్టించుకొనుట అనగా లక్ష్యముతో చూచుట. అక్కడ సిసిరో రెలెగెరె ఉన్నది. పట్టించుకొనకపోవుట యన్నచో అచ్చముగా నెగ్లెగెరె. దేవతలయెడ భయము ఈ మాటలో కొంత తగ్గినదే. చిన్న చిన్న లాంఛనములకు దీనిని వాడివాడి మనము పలుచన చేసికొంటిమి. ఐనను నా వ్రాతప్రతిలో ఆ రెండు లాటిన్ పదములకెదురుగా, 'అది వారికి పట్టింపైనది' అని వ్రాసికొంటిని.